వంగనివారికే కుర్చీ

కుర్చీలో కూర్చున్న మేస్టారు నిద్రపోతాడనీ, నిలబడ్డ మేస్టారు పాఠం చెబుతాడనీ ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, ఆ జిల్లాలో ఒక వేసవి సెలవుల్లో బడుల్లో కుర్చీలన్నీ మాయమైపోయాయి. జూన్‌లో పిల్లలు వచ్చి చూసేసరికి క్లాసులో నల్లబల్ల ఉంది, మేజా ఉంది, మేస్టారు ఉన్నాడు, కుర్చీ మాత్రం లేదు. పట్టుకుపోయిన కుర్చీల్ని ఏం చేశారయ్యా అంటే, మండల కార్యాలయం వరండాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటికి కాపలాగా ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి మాత్రం కూర్చునే కాపలా కాసేవాడు.

పెదమళ్లంక హైస్కూల్లో లెక్కలు చెప్పే దమయంతి టీచరుకి మొదట్లో ఇది కష్టమనిపించలేదు. కూర్చుని లెక్క చెప్పడం ఆవిడకి ఎప్పుడూ చేతకాదు. బోర్డు ఈ చివర మొదలెట్టిన లెక్క ఆ చివరికి వెళ్లి తేలాల్సిందే, ఆవిడా దానితోపాటు వెళ్లాల్సిందే. అయితే ఆ ఏడు దసరా సెలవులయ్యాక ఒక పొద్దున్న మంచం దిగి కుడికాలు నేల మీద మోపేసరికి మడమలో మేకు దిగినట్టయింది. "అమ్మో" అంటూ మళ్లీ మంచం మీద కూలబడింది. నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంది గానీ, బళ్లో మధ్యాహ్నం దాకా నిలబడేసరికి నొప్పి ప్రాణాలు తోడేసింది. ఇక చేసేది లేక నొప్పికాలు ఎత్తిపెట్టి, ఒంటికాలి మీద నిలబడి పదో తరగతికి లెక్కలు చెప్పడం మొదలెట్టింది. పిల్లలు "కొంగ టీచర్" అని పేరు పెట్టేశారు. వాళ్లని అనుకుని లాభం లేదు, కళ్లకి కనపడినదానికి పేరు పెట్టారు.

టౌన్లో ఎముకల డాక్టరు ఆవిణ్ణి పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తించి చూశాడు. కాలు సగం కూడా లేవలేదు. తొడ వెనక కండరాలు బాగా బిగదీసుకుపోయాయనీ, అవి పిక్కని లాగుతుంటే పిక్క మడమని లాగుతోందనీ, అందువల్ల అరికాలు తన పని తాను సరిగ్గా చేసుకోలేక భారమంతా మడమ మీద పడేస్తోందనీ చెప్పాడు. పొద్దునా సాయంత్రం మోకాళ్లు వంచకుండా మెల్లగా ముందుకు వంగుతూ ఆ కండరాల్ని సాగదియ్యమన్నాడు. మందులకంటే ఇదే పనిచేస్తుందన్నాడు. అయితే రోజంతా నిలబడితే మాత్రం ఎంత సాగదీసినా ప్రయోజనం లేదు, బళ్లో ఒక కుర్చీ అడగండమ్మా అని చీటీ రాసిచ్చాడు.

దమయంతి ఆ చీటీ తీసుకెళ్లి హెడ్మాస్టరు పేర్రాజుగారికిచ్చింది. పేర్రాజుగారు మంచివాడు. అయితే పైవాళ్లకి కోపం రాకుండా ఎవరికైనా మంచి చెయ్యడమెలాగో ఆయనకి ఇంతవరకూ తెలీలేదు. అంచేత ఆయన చీటీని రెండు చేతులా కళ్లకద్దుకుని, జిల్లా విద్యాధికారి గుణశేఖరంగారికి పంపించేశాడు.

గుణశేఖరంగారికి శాస్త్రమంటే వల్లమాలిన అభిమానం. ఏ కొత్త సంగతి చెవిన పడినా సాయంత్రానికి దాన్ని జిల్లా అంతటా అమలు చేస్తే గాని ఆయనకి అన్నం సయించదు. డాక్టరు చీటీ చదివి ఆయన చాలాసేపు గది పైకప్పు చూశారు. మడమ నొప్పి ఉన్నావిడకి తొడ కండరం బిగిసి ఉంది. కాబట్టి కండరం బిగిసినవాడికి మడమ నొప్పి ఉంటుంది, బిగవనివాడికి ఉండదు. పైగా నొప్పి కంటికి కనపడదు, ఎవడైనా ఉందని చెప్పొచ్చు. బిగుతు అలా కాదు, నలుగురిలో నిలబెట్టి చూడొచ్చు. ఇంతకంటే న్యాయం ఏముంది అనుకుని, మర్నాటికల్లా ఒక సర్క్యులర్ దింపారు.

"ఇందుమూలముగా సమస్త ఉపాధ్యాయినీ ఉపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, మడమ నొప్పి అనునది కంటికి కానరాని విషయమగుటచేతను, తొడ వెనుక కండరముల బిగువు కంటికి కానవచ్చు విషయమగుటచేతను, ఇకపై రెండవదానినే మొదటిదానిగా పరిగణించవలెను. మోకాళ్లు వంచకుండ ముందుకు వంగి కాలివ్రేళ్లను తాకగలవారికి మడమ నొప్పి లేనట్లును, తాకలేనివారికి ఉన్నట్లును నిర్ధారించి, ఉన్నవారికి మాత్రమే కుర్చీ మంజూరు చేయబడును. కుర్చీ పొందిన పిమ్మట ఎవరైనను వంగినట్లు రుజువైన యెడల సదరు కుర్చీ తక్షణమే స్వాధీనపరచుకొనబడును."

పెదమళ్లంకలో వంగుడు పరీక్ష జెండా కర్ర దగ్గర జరిగింది. గుణశేఖరంగారే స్వయంగా వచ్చారు. డ్రిల్లు మేస్టారు ఈల వేశాడు. ముందు పేర్రాజుగారు వంగారు. అంటే వంగబోయారు. ఆయన చేతులకీ కాళ్లకీ మధ్య ఆయన బొజ్జ ఉంది, అది ఎవరికీ దారి ఇవ్వలేదు. చేతులు మోకాళ్ల దాకా వచ్చి, ఇంక మావల్ల కాదన్నట్టు ఆగిపోయాయి. ఆయనకి పుట్టి బుద్ధెరిగి మడమ నొప్పి లేదు, రోజూ తెల్లారకుండా కాలవ గట్టు మీద గుర్రంలా నడుస్తాడు. అయినా "తీవ్రమైన మడమ నొప్పి" అని రాశారు. పేర్రాజుగారు అక్కడికక్కడే కుంటడం మొదలెట్టారు, అదీ ఎడమకాలో కుడికాలో ముందు తేల్చుకోకుండానే. ఆయన వెనకాల హిందీ పండిట్టూ, డ్రాయింగు మేస్టారూ కూడా అంతే వంగారు, అంతే కుంటారు.

తర్వాత దమయంతి వంతు. ఆవిడ పిచ్చి మాలోకం. డాక్టరు చెప్పిన రోజు నుంచీ పొద్దునా సాయంత్రం సంధ్యావందనం చేసినంత నిష్ఠగా కండరాలు సాగదీస్తోంది. నొప్పి సగానికి సగం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, రోజంతా నిలబడుతుంటే ఎలా పోతుంది? ఈల పడగానే ఆవిడ ఎప్పట్లాగే మోకాళ్లు వంచకుండా వంగింది. అరచేతులు రెండూ నేలకి ఆనాయి. చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్యనే గుణశేఖరంగారు "నొప్పి లేదు" అని రాయించేశారు.

దమయంతి నిర్ఘాంతపోయింది. కుర్చీ అడిగిందే తను, సర్క్యులర్ వచ్చిందే తన చీటీ వల్ల, అలాంటిది తనకి లేకపోవడమేమిటని అడిగింది. పొద్దున్న లేస్తే కాలు కింద పెట్టలేకపోతున్నానని చెప్పింది. గుణశేఖరంగారు చాలా ఓపికగా విన్నారు.

"బాధ అనేది మీ వ్యక్తిగతం మేడం. వంగడం అనేది శాఖాపరం. పైగా మీరు చికిత్స చేసుకుని సాక్ష్యాన్ని తారుమారు చేశారు. దానిమీద నేను చర్య తీసుకోవడం లేదంటే అది నా ఔదార్యం" అన్నారాయన.

ఇంటికెళ్లాక దమయంతికి ఏడుపొచ్చింది. వంగుతుంటే కాలు బాగుపడుతోంది గానీ కుర్చీ రాదు. వంగడం మానేస్తే కుర్చీ వస్తుందేమో గానీ కాలు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అదీ చూద్దామని కొన్నాళ్లు సాగదియ్యడం మానేసింది కూడా. నొప్పి తాడెత్తున లేచి కూర్చుంది, గోడ పట్టుకుంటే గాని పెరట్లోకి వెళ్లలేకపోయింది. మళ్లీ బుద్ధి తెచ్చుకుని మొదలెట్టింది. పెట్టుకోవలసిన సెలవులన్నీ పెట్టేసింది. ఈ ఏడు పదో తరగతి పిల్లల్ని గట్టెక్కించి, అప్పటికీ కుర్చీ రాకపోతే ఉద్యోగం మానేస్తానని మొగుడితో చెప్పింది. ఆ మాట అన్నదే గాని, లెక్కలు చెప్పకుండా పగలంతా ఇంట్లో ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇక్కడ ఇలా ఉండగా, జిల్లా అంతటా వంగలేనివాళ్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారు. నిన్నటిదాకా కబడ్డీ ఆడిన మేస్టర్లు కూడా మోకాళ్ల దగ్గరే ఆగిపోయారు. ఇంతలో ఎవరో గిట్టనివాడు రాజధానికి ఒక సందేహం రాసి పడేశాడు: బళ్లో కుర్చీకి వంగుడు పరీక్ష ఉంటే ఆఫీసులో కుర్చీకి ఎందుకు లేదు అని. అక్కణ్ణించి "కుర్చీ ఎక్కడ ఉన్ననూ కుర్చీయే" అని జవాబొచ్చింది. దాంతో గుమాస్తాలూ, సూపరింటెండెంట్లూ, కుర్చీల కాపలా మనిషితో సహా అందరూ పరీక్షకి నిలబడాల్సి వచ్చింది. అందరికీ మడమ నొప్పి తేలింది. చివర్లో గుణశేఖరంగారు తనని తానే పరీక్షించుకున్నారు. ఆయన చేతులు తొడల దగ్గరే ఆగిపోయాయి. జిల్లాలో అంతకంటే తీవ్రమైన మడమ నొప్పి ఇంకెవరికీ లేదని అందరూ ఒప్పుకున్నారు.

కుర్చీలు ఇచ్చేసరికి వాటిని కనిపెట్టుకుని ఉండడానికి వంగుడు నిఘా దళం ఒకటి వేశారు. దళంలో ఇద్దరు మనుషులు, ఒక వీడియో కెమెరా. చెప్పాపెట్టకుండా బడికొచ్చి, స్టాఫ్ రూములో మాటల్లో మాటగా ఒక పెన్ను కింద పడేసేవాళ్లు. ఎవరైనా పాపం పోనీ అని వంగి తీశారా, కుర్చీ గోవిందా. ఇలా ఇద్దరు ముగ్గురికి కుర్చీలు పోయేసరికి అందరికీ జ్ఞానోదయమైంది. కింద ఏది పడినా మేస్టర్లు పైకప్పు చూడ్డం నేర్చుకున్నారు. జారిన చాక్‌పీసు జారినట్టే ఉండేది, క్లాసుల్లో నడిస్తే కంకర రోడ్డు మీద నడిచినట్టుండేది. పేర్రాజుగారు లేసులు కట్టే బూట్లు మానేసి ఆకుచెప్పుల్లోకి దిగారు.

పెదమళ్లంకలో నిర్భయంగా వంగగలిగే మనిషి దమయంతి ఒక్కతే మిగిలింది. అంచేత బళ్లో ఎవరికి ఏది కింద పడ్డా ఆవిడకే కబురొచ్చేది. లెక్క మధ్యలో అటెండరు గుమ్మంలోకి వచ్చి, హెడ్మాస్టరుగారి కళ్లజోడు పడిందండి, ఒకసారి రమ్మంటున్నారండి అనేవాడు. ఆవిడ నొప్పికాలు ఈడ్చుకుంటూ వెళ్లి తీసిచ్చేది. పేర్రాజుగారు కుర్చీలో ఇటు తిరిగి, "ఏవనుకోకండి మేడంగారూ, నొప్పి లేనివాళ్లు మీరొక్కరే కదండీ" అనేవారు. ఆవిడకి ఒళ్లు మండిపోయేది. ఆ కళ్లజోడు మళ్లీ కిందే పడేద్దామని చాలాసార్లు అనుకుంది, అయితే తీసేది కూడా తనే కదా అని ఊరుకుంది.

అయితే ఒళ్లు సర్క్యులర్లు చదవదు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని, పొరపాటున కూడా వంగకుండా నెలల తరబడి గడిపేసరికి, అందరి తొడ కండరాలూ నిజంగానే ఎండిన తోలులా బిగిసిపోయాయి. సంక్రాంతి వెళ్లిన తర్వాత ఒక పొద్దున్న పేర్రాజుగారు మంచం దిగి కాలు మోపగానే "అమ్మనాయనో" అని అరిచారట. మడమ నొప్పంటే ఏమిటో ఆయనకి అప్పుడు తెలిసింది. ఎవరికి చెప్పుకుంటాడు? కిందటేడే తీవ్రమైన నొప్పి ఉందని రాసేశారు, కొత్తగా వచ్చిందంటే పాతది అబద్ధమవుతుంది. హిందీ పండిట్టుకీ అదే, డ్రాయింగు మేస్టారికీ అదే. టౌన్లో డాక్టరు వచ్చినవాళ్లందరికీ వంగండి, సాగదియ్యండి అని చెప్పేవాడు. కుర్చీ పోతుందండి బాబూ అని వాళ్లు లేచి వచ్చేసేవారు. గుణశేఖరంగారు కూడా దొంగచాటుగా వెళ్లొచ్చారని చెప్పుకున్నారు.

ఈ లోపల గుణశేఖరంగారి శాస్త్రీయ దృష్టి సంగతి రాజధాని దాకా వెళ్లడంతో, మంత్రిగారే స్వయంగా చూడాలనుకున్నారు. పెదమళ్లంక హైస్కూలుకి వస్తున్నారని కబురు. బడికి సున్నాలు, తోరణాలు, వేదిక మీద ఎర్ర వెల్వెట్ కుర్చీలు. ఆ వేళ పొద్దున్నుంచీ కారు దిగే చోట అందర్నీ వరస కట్టించారు. కుర్చీలున్నవాళ్లకి కుర్చీలు వేశారు. నొప్పి లేనివారు గనక దమయంతి ఒక్కతే ఎండలో నిలబడింది. మంత్రిగారు రావాల్సిన టైముకి రాలేదు, ఆ తర్వాత టైముకీ రాలేదు. ఆవిడ మడమ నిప్పుల మీద పెట్టినట్టుంది. ఈ ఎండలో నిలబడ్డమే ఆఖరు, రేపొచ్చి రాజీనామా ఇచ్చేద్దాం అని తీర్మానించేసుకుంది. అనుకోగానే పదో తరగతి పిల్లలు గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎట్టకేలకు కారొచ్చింది. ఆ మంత్రిగారికి ఒక అలవాటుంది, అది రాష్ట్రమంతటికీ తెలుసు. కారు దిగగానే కుడికాలు జానెడు ముందుకు పెట్టి నిలబడతారు. అక్కడున్న పెద్ద అధికారి వంగి ఆ కాలు ముట్టుకుని దణ్ణం పెడితే గాని రెండోకాలు కదలదు. కాలికి దణ్ణం అందని ఊళ్లో అధికారులు ఆ వారం తిరక్కుండానే బదిలీ అయిపోతారు.

కాలు ముందుకొచ్చింది. గుణశేఖరంగారు భక్తిగా చేతులు చాచి వంగారు. తొడలు దాటారు, మోకాళ్లు అందుకున్నారు. అక్కడ ఏదో పట్టేసింది. కిందికీ వెళ్లలేరు, పైకీ లేవలేరు. "సార్ సార్" అంటూ అలాగే ఉండిపోయారు. పేర్రాజుగారు దండతో పరిగెత్తుకొచ్చి, ఆయన పక్కన ఆయనా వంగి, ఆయనా అక్కడే బిగుసుకుపోయారు. వెనకాల హిందీ పండిట్టు సగంలో, సూపరింటెండెంటు సగంలో. వరస వరసంతా నడుములు సగానికి వంచి నిలబడిపోయింది, ఒక్క చెయ్యి కూడా మంత్రిగారి కాలికి తగల్లేదు. మంత్రిగారి మొహంలో నవ్వు మెల్లగా సర్దుకుంది. పక్కనున్న పీఏ డైరీ తీశాడు.

గుణశేఖరంగారికి ఏజెన్సీ అడవులు కళ్లముందు తిరిగాయి. మెడ మాత్రం తిప్పి చూస్తే, వరసలో నిటారుగా ఉన్న మనిషి ఒకరే కనపడ్డారు.

"దమయంతిగారూ" అన్నారు, కింద నుంచి పైకి చూస్తూ. "జిల్లా పరువు మీ నడుం మీద ఉందమ్మా. ఒక్కసారి వంగండి."

ఆవిడకి నెలల తరబడి తీసిచ్చిన కళ్లజోళ్లూ పెన్నులూ అన్నీ ఒక్కసారి కళ్లముందు కనపడ్డాయి. అయినా గొంతు పెంచలేదు.

"వంగితే నాకు నొప్పి లేనట్టే కదండీ. ఓసారి వంగినందుకే కుర్చీ పోయింది. మళ్లీ వంగితే ఇంకేం పోద్దో ఏమో" అంది.

"అయ్యో, కుర్చీదేముందమ్మా? మంజూరు చేస్తున్నాను. ఈ క్షణం నుంచీ మీకు మడమ నొప్పి ఉన్నట్టే."

"నోటిమాట మంజూరు ఎవరు నమ్ముతారండి? కుర్చీ కనపడాలి కదండీ."

గుణశేఖరంగారు వంగిన చోటు నుంచే చెయ్యి ఊపారు. అటెండరు వేదిక మీదికి పరిగెత్తి, గుణశేఖరంగారికని వేసిన ఎర్ర వెల్వెట్ కుర్చీని తెచ్చి ఆవిడ వెనకాల వేశాడు. పేర్రాజుగారు ఆ వంగిన భంగిమలోనే, దమయంతిగారికి కుర్చీ మంజూరైనదని నలుగురికీ వినపడేలా ప్రకటించారు. దమయంతి కూర్చుంది.

కూర్చోగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. దసరా నుంచీ మోసుకు తిరుగుతున్న బరువేదో నేల మీదికి జారిపోయినట్టయింది. ఇంక రాజీనామా రాయక్కర్లేదు.

"కూర్చున్నారు కదమ్మా, ఇంక లేచి వంగండి. మంత్రిగారు ఎంతసేపని నిలబడతారు?" అన్నారు గుణశేఖరంగారు.

దమయంతి అటు చూసింది. నిఘా దళం కెమెరా అప్పటికే తన మీదికి తిరిగి ఉంది. కొత్తగా కుర్చీ వచ్చినవాళ్లని కనిపెట్టడమే వాళ్ల ఉద్యోగం మరి.

"కుర్చీ వచ్చాక వంగితే కుర్చీ పోద్దండి. మీ సర్క్యులర్లో ఆఖరి వాక్యం. మీరే సంతకం పెట్టారు" అంది.

గుణశేఖరంగారు ఆ సగంలోంచే కెమెరా ఆపమని సైగ చేశారు. కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంది, కుర్చీదారు వంగలేదని పక్కాగా రికార్డవుతూనే ఉంది. మంత్రిగారి కుడికాలు ఇంకా ఆ జానెడు ముందే ఉంది.

ఇంతలో మధ్యాహ్నం బెల్లు కొట్టారు. దమయంతి వంగకుండా నొప్పికాలు మోకాలి మీదికి ఎత్తిపెట్టుకుని కాసేపు మడమ నిమురుకుని, చెప్పు తొడుక్కుని లేచింది.

"ఈ కుర్చీ పదో తరగతిలో వెయ్యి నాయనా. మధ్యాహ్నం మొదటి పీరియడ్ నాదే" అంది అటెండరుతో.

అతను కుర్చీ నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. ఆవిడ వెనకాల నడిచింది, కొంచెం కుంటుతూ, ఎవరి కాళ్లవైపూ చూడకుండా.